ఇంటి ఫ్రిజు: వేడిని తోడే మోట



పంటల సంగతి చెప్పవలసిన విస్తరణాధికారికి ఫ్రిజుతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. పని ఉన్నది. కోళ్ళకు వేసే కొక్కెర తెగులు టీకా, పసిపిల్లల పాలు, షుగరు జబ్బున్న పెద్దల ఇన్సులిను బుడ్డి ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చాలా ఇళ్ళలో ఆ ఒక్క పెట్టెలోనే ఉంటున్నవి. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోయినప్పుడే అది మొరాయిస్తుంది. మెకానిక్కును పిలిస్తే "గ్యాసు అయిపోయింది" అంటాడు. అడిగినంత ఇచ్చుకుంటాం. కొన్ని నెలలకు మళ్ళీ అదే పాట. కనుక ఆ పెట్టెలో జరిగే పని ఏమిటో ముందు తెలుసుకొందాము.

ఫ్రిజు చలిని తయారు చేయదు. లోపలి వేడిని తోడి బయట పారబోయడమే దాని పని. మన మోటబావిని తలచుకోండి. నీరు తనంతట తాను పల్లానికి పారుతుంది గాని మిట్టకు ఎక్కదు. అందుకే బొక్కెన దించి, ఎడ్లను తోలి, నీటిని పైకి లాగి కాలువలో పోసేవారు. వేడి కూడా అంతే. వేడి చోటి నుంచి చల్లని చోటికి తానే పోతుంది, ఎదురు పోదు. ఎదురు పంపవలెనంటే కరెంటు ఖర్చు పెట్టి తోడవలె. ఇక్కడ ఎడ్ల పని చేసేది వెనక అడుగున ఉండే కంప్రెసరు. బొక్కెన పని చేసేది గొట్టాల్లో తిరిగే గ్యాసు. ఐసు గది గొట్టాల్లో అది ద్రవం నుంచి ఆవిరై, చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా నొక్కి వెనక జాలిలోకి తోస్తుంది. జాలిలో అది వేడిని గాలికి వదిలి, మళ్ళీ ద్రవమై, ఒక సన్నని గొట్టం గుండా లోపలికి వస్తుంది.

అమెరికా, కెనడా పోయిన మన పిల్లలు ఇంటికి "హీట్ పంపు" పెట్టించామని ఫోనులో చెప్తుంటారు. అదీ ఇదే యంత్రం. చలికాలంలో బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. దిక్కు మారింది గాని మోట ఒకటే. ఇళ్ళను ఇట్లా వెచ్చ చేయవచ్చునని గ్లాస్గోలోని విలియం థామ్సన్, తరువాత కెల్విన్ ప్రభువుగా పేరుపొందిన శాస్త్రజ్ఞుడు, 1852 లోనే చెప్పాడు. మన పాలకేంద్రంలో పాలను 4 డిగ్రీలకు దించే పెద్ద కూలరు కూడా ఈ జాతిదే.

ఇంత తెలిస్తే సగం రిపేరు తెలిసినట్టే. కాలువ పూడిపోతే ఎంత మోట కొట్టి ఏం లాభం? వెనక జాలే ఫ్రిజుకు కాలువ. మనవాళ్ళు ఫ్రిజును మూలకు, గోడకు ఆనించి, పక్కన బియ్యం బస్తా నిలబెట్టి, పైన పూల గుడ్డ కప్పుతారు. తోడిన వేడి పోవడానికి దారి ఉండదు. గోడకూ ఫ్రిజుకూ నడుమ బెత్తెడుకు తక్కువ కాకుండా ఎడం ఉంచండి. పొయ్యి పక్కన పెట్టకండి. రెండు నెలలకు ఒకసారి ప్లగ్గు పీకి, జాలి మీది దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపండి. కొత్త రకాల్లో జాలి బయటికి కనబడదు, పక్క రేకుల లోపల ఉంటుంది. అందుకే ఆ రేకులు వేడెక్కుతవి. అది జబ్బు కాదు, భయపడకండి. ఆ పక్కలకు గాలి తగలనిస్తే చాలు.

తరువాత తలుపు చుట్టూ ఉండే రబ్బరు. ఒక నోటు కాగితం పెట్టి తలుపు మూసి లాగి చూడండి. బిగువుగా వస్తే మంచిదే. జారి వచ్చేస్తే అక్కడ గట్టు తెగినట్టు, బయటి వేడి లోపలికి పారుతున్నది. రబ్బరు మడతల్లో జిడ్డు ఉంటే గోరువెచ్చని సబ్బు నీళ్ళతో తుడవండి. చినిగితే రబ్బరొక్కటే మార్పించవచ్చు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉన్నది. కంప్రెసరు సుమారు 100 వాట్లు తీసుకుంటుందని అనుకొందాం. సగం సేపు నడిచి సగం సేపు ఆగితే రోజుకు 1.2 యూనిట్లు. ఆగకుండా నడిస్తే 2.4. నెలకు 36 యూనిట్ల తేడా. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్ళకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్నది, దాటితే మొత్తం కట్టవలసిందే. అంచున ఉన్న ఇంటిని ఆ 36 యూనిట్లే దాటించవచ్చు.

ఐసు గడ్డ కట్టినప్పుడు చాకుతో పొడిచే అలవాటు ఒకటి ఉన్నది. దయచేసి మానండి. ఆ పలుచని అల్యూమినియం రేకు లోపలే గ్యాసు దారులు ఉన్నవి. ఒక్క పోటుకు చిల్లు పడుతుంది, పెట్టె దండగ. డీఫ్రాస్టు గుండీ ఉంటే నొక్కండి. లేకపోతే కరెంటు తీసి, తలుపు తెరిచి కరగనివ్వండి. కరిగిన నీళ్ళు వెనక తట్టలోకి చేరతవి. ఆ తట్టను వారానికి ఒకసారి పారబోయకుంటే దోమలు పిల్లలు పెడతవి.

ఇక కరెంటు సంగతి. ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద బోరు మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఇంట్లో ఓల్టేజీ పడిపోతుంది. 230 ఉండవలసింది 180కి దిగిందంటే కంప్రెసరు లేవలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది. అట్లాగే కరెంటు పోయి వెంటనే వస్తే, గొట్టాల్లో ఒత్తిడి ఇంకా సర్దుకోక ముందే లేవవలసి వస్తుంది. అయిదు నిమిషాలు ఆగి వేయండి, లేదా ఆలస్యంగా కరెంటు వదిలే స్టెబిలైజరు పెట్టుకోండి. న్యూట్రలు తెగితే మరీ ప్రమాదం, ఓల్టేజీ 400 దాకా ఎక్కవచ్చు. కొన్ని బల్బులు అకస్మాత్తుగా భగ్గున వెలిగితే ముందు మెయిను ఆపండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చడం ప్రాణం మీదికి తెచ్చే పని. ఫ్రిజు ముట్టుకుంటే జివ్వుమంటే వాడకం అక్కడే ఆపండి. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతకు ఎండాకాలం నీళ్ళు పోస్తూ ఉండండి.

ఫ్రిజు చల్లబడటం లేదు, వెనక నుంచి కాసేపటికొకసారి టిక్కు టిక్కుమంటున్నది అంటే వెంటనే కంప్రెసరు పోయిందని నమ్మకండి. దాని పక్కన రిలే, ఓవర్‌లోడు అనే చిన్న సామాన్లు ఉంటవి. కంప్రెసరు ఖరీదులో వాటిది ఏ మూలకూ రాదు. ముందు ఓల్టేజీ, తరువాత రిలే, ఆఖరున కంప్రెసరు, ఈ వరుసలో చూడమనండి. కొత్త ఇన్వర్టరు రకాల్లో రిలే ఉండదు, సర్క్యూటు బోర్డు ఉంటుంది. వెచ్చదనానికి బల్లులు చేరి బోర్డును కాల్చిన సందర్భాలు ఉన్నవి, ఎలుకలు తీగ కొరికినవీ ఉన్నవి. ఇంకొక మాట, కంప్రెసరుకు కంపెనీలు తరచుగా విడిగా ఎక్కువ ఏండ్ల వారంటీ ఇస్తవి. కార్డు పారేయకండి.

కంప్రెసరు చక్కగా నడుస్తున్నది, వెనక జాలి వెచ్చబడదు, లోపల చలి లేదు. అప్పుడు గ్యాసును అనుమానించవలె. గ్యాసు డీజిలు వంటిది కాదు, కాలి అయిపోదు. అదే గ్యాసు పెట్టె బతికినంత కాలం తిరుగుతూనే ఉండవలె. తగ్గిందంటే ఎక్కడో కారింది. బొక్కెనకు చిల్లు పడితే చిల్లు కుట్టకుండా నీళ్ళు తోడేవాడు ఉంటాడా? కనుక మెకానిక్కును జర గట్టిగానే అడగండి. కారే చోటు ఎక్కడ? సబ్బు నురగ పూసి బుడగ చూపించు. గొట్టం తెరిచినప్పుడు కొత్త ఫిల్టరు వేస్తున్నావా? వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగావా? గ్యాసును తూచి పోస్తున్నావా? వెనక చీటీ మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని అచ్చువేసి ఉంటుంది. ఆర్-600ఏ వాడే చిన్న ఫ్రిజుకు 50 గ్రాములు అటూ ఇటూ, అంతే. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం ఎరువు విషయంలో మనం చేసే పొరపాటు వంటిదే. ఆ గ్యాసు వంట గ్యాసు జాతిది, అంటుకుంటుంది. తలుపులు, కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, లోపలి గ్యాసంతా బయటికి పోయిన తరువాతే గొట్టానికి మంట పెట్టవలె. కారే చోటు గోడల నురగ లోపల ఉంటే మాత్రం, పాత పెట్టె మీద డబ్బు పోయకండని నా సలహా.

టీకా మందులను 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉంచవలె. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వెచ్చబడతవి, ఐసు గదికి ఆనిస్తే గడ్డకడతవి. గాలికుంటు టీకా గానీ ఇన్సులిను గానీ ఒకసారి గడ్డకడితే కరిగించినా పనికిరావు. మూత ఉన్న డబ్బాలో వేసి, తినే వాటికి దూరంగా నడిమి అరలో పెట్టండి, పక్కన చిన్న థర్మామీటరు వేలాడదీయండి. కరెంటు పోతే తలుపు తెరవకుంటే సుమారు నాలుగు గంటలు చలి ఆగుతుంది.

దేవరకొండ నుంచో నాగర్‌కర్నూలు నుంచో ట్రాలీలో ఫ్రిజు తెచ్చుకునేవారు నిలబెట్టే తెచ్చుకోండి. పడుకోబెట్టక తప్పలేదనుకోండి, ఇంటికి వచ్చాక నిలబెట్టి ఒక రాత్రి వదిలేయండి. గొట్టాల్లోకి పోయిన నూనె కంప్రెసరులోకి దిగిన తరువాత, తెల్లవారి కరెంటు ఇవ్వండి.