పళ్ళెం మారితే పాట మారుతుందా?



పోయిన దసరాకి మా మరిదిగారి అబ్బాయి అమెరికా నుంచి విజయనగరం వచ్చాడు. వస్తూ వస్తూ వాళ్ళ పెదనాన్నకని ఒక వాద్యసంగీతం డిస్కు తెచ్చాడు. చూడ్డానికి మామూలు సి.డి.లాగే వుంది గాని, అట్టమీద 'సూపర్ ఆడియో సి.డి.' అని రాసివుంది. ఖరీదు మాత్రం మామూలుదానికి రెండింతలట. సాయంత్రం అందరం హాల్లో చేరి, మా పాత సి.డి. ప్లేయర్లో పెట్టి విన్నాం.

"చూశావా, కమాను తీగమీద రాసుకోవడం కూడా వినిపిస్తోంది!" అన్నారు మావారు. నాకూ అలాగే అనిపించింది. చీటీ డబ్బు చేతికి రాగానే కొత్త ప్లేయరు కొని, ఇంట్లో వున్న డిస్కులన్నీ ఇలాంటివాటితో మార్చేద్దామని ఆయన అక్కడికక్కడే తీర్మానించేశారు. నాకు గుండె జారిపోయింది. ఆ డబ్బుతో మా అత్తగారికి చెవి మిషను కొందామని నేను ఏడాదిగా అనుకుంటున్నాను మరి.

అప్పుడు మా పిల్లాడు మెల్లగా అన్నాడు గదా: "పెద్దమ్మా, ఇది మామూలు సి.డి. ప్లేయరు. ఈ డిస్కులో రెండు పొరలున్నాయి. కొత్త పొర చదవడం దీనికి రాదు. మీరింతసేపూ విన్నది సి.డి. పొరే!"

అందరం నోళ్ళు తెరిచాం. అదృష్టవశాత్తూ ఎవరమూ డబ్బు తెరవలేదు. ఆ రాత్రి వాడిచేత అడిగి చెప్పించుకున్న సంగతులే మీకూ చెబుతున్నాను.

సి.డి. 1982లో వచ్చింది. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి తయారుచేశాయి. ధ్వని అంటే గాలిలో పుట్టే అల. ఆ అల ఎత్తుని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఆ అంకెల్ని డిస్కుమీద రాస్తారు. మనం ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టే అనుకోండి. చుక్కలు సరిగ్గా వుంటే మెలికల గీత వాటిని పట్టుకుని తిరిగి వచ్చేస్తుంది. చుక్కల మధ్య దూరంకన్నా చిన్న మెలిక అయితేనే తప్పిపోతుంది. మనిషి చెవికి అందే అతి సన్నని ధ్వని సెకనుకి సుమారు 20,000 కంపనాలది. దాన్ని పట్టాలంటే అందుకు రెట్టింపుకి కాస్త పైన చుక్కలుండాలి. సి.డి.లో అన్నీ వున్నాయి. పైగా నలభై దాటిన మనలో చాలామందికి 15,000 దాటిన ధ్వనులు వినిపించడమే కష్టం.

ఇక ఆ ఎత్తుని కొలిచే బద్దమీద గీతలు ఎన్ని? సి.డి.లో 65,536. తరవాత 1999లో సూపర్ ఆడియో సి.డి., 2000లో డి.వి.డి. ఆడియో వచ్చాయి. డి.వి.డి. ఆడియోలో ఈ గీతలు కోటీ 67 లక్షలు దాటవచ్చు, చుక్కలు సెకనుకి 1,92,000 వరకూ వుండవచ్చు. సూపర్ ఆడియోది వేరే పద్ధతి. గీతలు లెక్కపెట్టకుండా, సెకనుకి 28 లక్షలకు పైగా సార్లు 'పైకా, కిందికా' అని మాత్రమే గుర్తు పెట్టుకుంటూ పోతుంది.

మరి ఇన్ని గీతలు వృథాయేనా అంటే, కాదు. పాట రికార్డు చేసే గదిలో అవి చాలా అవసరం. దర్జీ జాకెట్టు కత్తిరించేటప్పుడు కుట్టుకని బట్ట ఎక్కువ వదులుతాడు చూడండి, అలాంటిదన్నమాట. కుట్టడం అయిపోయాక తొడుక్కునేవాళ్ళకి ఆ అదనపు బట్టతో పనిలేదు.

ఇది మా పిల్లాడి మాటే కాదు. 2007లో అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు, ఏది మోగుతోందో చెప్పకుండా, హెచ్చు రకం డిస్కునీ అదే ధ్వనిని సి.డి. స్థాయికి దించినదాన్నీ వినిపించారు. 554 సార్లలో సరిగ్గా పోల్చింది 276 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో లండన్‌లో రైస్ అనే ఆచార్యుడు ఇలాంటి 18 పరీక్షల్ని కలిపి చూస్తే సరైన జవాబులు నూటికి 52.3 వచ్చాయి. శిక్షణ పొందిన చెవులకి ఇంకాస్త మెరుగ్గా తెలిసిందట. అంటే తేడా బొత్తిగా లేదని కాదు, ఉన్నా అంత సన్నం.

ఒక్క సంగతిలో మాత్రం కొత్త డిస్కులది పైచెయ్యే. ముందూ వెనకా అయిదారు స్పీకర్లు పెట్టుకునే ఇంటికి, చుట్టూ సంగీతం వినిపించగలవు. సి.డి. రెండు స్పీకర్లకే.

ఇప్పుడు మనవాళ్ళ పాటల సంగతికి వద్దాం. 1919లో మన వూళ్ళో వెలసిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పి, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. ద్వారంవారి వాద్యం లక్క రికార్డులమీద, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల చొప్పున ఎక్కింది. ఘంటసాల 1974లోనే పోయారు, సి.డి. రాకముందే. ఆనాటి రికార్డులోకి ఎక్కని సన్నని ధ్వనిని ఈనాటి ఏ డిస్కూ తెచ్చి పెట్టలేదు. శేరు పాలని గంగాళంలో పోసినా శేరే గదా! పాత రికార్డుని ఓపికగా శుభ్రంచేసి ఎక్కించిందా లేదా అన్నదే చూసుకోవాలి. ఆ మంచి పని సి.డి.మీదా వినిపిస్తుంది.

ఇప్పుడు పాటలన్నీ ఫోనులోనే గదా అంటారేమో. అక్కడ కూడా 'హై రిజల్యూషన్' అనేది వుంది. లెక్క అదే.

కొనేముందు ఇలా పరీక్ష చేసుకోండి. ఒకే పాటని రెండు రకాలుగా, ఏది ఏదో చెప్పకుండా పిల్లలచేత పెట్టించుకోండి. రెండిటి సౌండూ సమానంగా వుండాలి సుమా! కాస్త గట్టిగా మోగిందే మనకి బాగున్నట్టు తోస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు గుర్తుపడితే సుఖంగా కొనుక్కోండి.

మేమేం చేశామంటారా? బీరువామీద ఒకటి, కర్టెను వెనకాల ఒకటి వున్న స్పీకర్లని దించి, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకి, ఎడంగా పెట్టాం. డిస్కుల్ని మెత్తని బట్టతో మధ్యనించి అంచువైపు తుడిచాం, గుండ్రంగా రుద్దకూడదు. ఫ్యాను ఆపాం. పైసా ఖర్చు లేకుండా పాట తేటపడింది.

చీటీ డబ్బుతో అత్తగారిని చెవి డాక్టరుకి చూపించి మిషను పెట్టించాం. మొన్న ద్వారంవారి పాత సి.డి. పెడితే, ఆవిడ చాలాసేపు కదలకుండా విని, "ఏటే, ఇన్నాళ్ళూ ఈ డిస్కుని ఎక్కడ దాచేవే?" అన్నారు.

డిస్కు పాతదే.