వేడి పైకే వెళ్తుందని ఎవరన్నారు?

మా నాన్న తాపీమేస్త్రి. నరసన్నపేటలో ముప్పై ఏళ్లుగా గచ్చులు చేస్తున్నారు. ఆయన పనికి వంక పెట్టినవాళ్లని నేను చూడలేదు. అలాంటాయన పోయిన చలికాలం వీడియో కాల్‌లో మా అన్నయ్యకి ఓ తప్పు సలహా ఇచ్చేశారు.

అన్నయ్య ఉండేది కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో. ఫిబ్రవరిలో వదిన పురుడు. అమ్మ వెళ్లాలి, బేస్‌మెంట్ గదిలో ఉండాలి. అసలే మోకాళ్ల నొప్పులు, ఆపైన మంచుముద్దలాంటి నేల. అందుకే ఆ బాత్రూమ్‌లో టైల్స్ కింద కరెంటు హీటింగ్ తీగలు వేయిద్దామనుకున్నాడు.

"ఏటిరా, గచ్చుకి కరెంటు పెట్టేస్తావా?" అని నాన్న నవ్వారు. ముందు కాంక్రీటు మీద ఇన్సులేషన్ బోర్డు వేయాలట అంటే మాత్రం ఒప్పుకోలేదు. "థర్మోకోల్ మీద టైల్సేటి, అణిగిపోవూ? వేడి ఎలాగూ పైకే వస్తాది. డబ్బులు దండగ."

అన్నయ్య ఆ మాటే విన్నాడు. పొద్దున ఆరింటికి స్విచ్ వేస్తే పదింటికి కాస్త గోరువెచ్చన!

వేడి గాలి పైకి వెళ్తుంది, నిజమే. కానీ గట్టి వస్తువుల్లో వేడికి పైనా కిందా పట్టింపు లేదు. ఎటు చల్లగా ఉంటే అటే పోతుంది. ఆ బాత్రూమ్ 50 చదరపు అడుగులు. తీగలు అడుగుకి 12 వాట్ల చొప్పున మొత్తం 600 వాట్లు. కింద 4 అంగుళాల కాంక్రీటు, అంటే టన్ను పైనే బరువు. దాని కింద చల్లటి మట్టి. అమ్మ కాళ్లకంటే ముందు ఆ టన్ను వేడెక్కాలన్నమాట. రోజంతా ఆన్‌లో ఉంచితే 14 యూనిట్లు దాటుతుంది.

ఆ బోర్డు పేరు ఎక్స్‌పీఎస్. థర్మోకోల్‌కి చుట్టమే, కానీ బాగా గట్టిది. టైల్స్ కోసం సిమెంటు పూత వేసి మరీ అమ్ముతారు. కాంక్రీటుతో పోలిస్తే దాదాపు 40–50 రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది.

టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. వాటితోపాటే తీగలూ పోయాయి. ఖర్చు రెండింతలు. నాన్న రెండు రోజులు ఫోన్ దగ్గరికే రాలేదు. మూడోరోజు ఆయనే చేసి "నాదే తప్పురా, ఫోను ఇలా తిప్పు, సూస్తాను" అన్నారు.

ఈసారి అంతా ఆయన కళ్లముందే. కాంక్రీటు మట్టం చూసి, టైల్ గమ్ నిండా పూసి, అర అంగుళం బోర్డు అతికించారు. ఎక్కడా డొల్ల మోగకూడదని వేలితో కొట్టించి చూశారు. పైన తీగలు, రెండు వరసల మధ్య సెన్సర్, ఆపైన టైల్స్. తీగ తెగలేదని మీటర్‌తో మూడుసార్లు రీడింగ్: పరిచే ముందు, పరిచాక, టైల్స్ వేశాక. నేల ఎత్తు పెరిగి తలుపు రాసుకుంటే అడుగున చెక్కించారు. (ఇది మాత్రం ఆయన ముందే చెప్పారు, ఎవరూ వినలేదు.)

ఇప్పుడు ముప్పావుగంటలోపే కాళ్లకి వెచ్చగా తగులుతోంది. అమ్మ అక్కడినుంచి "మీ నాన్న గచ్చు కంటే బాగుంది" అని ఉడికించింది.

మే నెలలో ఓ రాత్రి కరెంటు పోతే నాన్న స్టూలెక్కి మా ఇంటి శ్లాబుకి చెయ్యి ఆనించారు. "ఇదీ అదేరా, తిరగేసి ఉందంతే." పగలంతా ఎండని తాగిన కాంక్రీటు రాత్రంతా మన మీదికి వదులుతోంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. తెల్ల పూత ఎండని వెనక్కి కొడుతుంది. శ్లాబు మీద బోర్డు వేస్తే మిగిలిన వేడికి అడ్డం పడుతుంది.

మొన్న ఊళ్లో ఓ కొత్త ఇంటికి డాబా మీద బోర్డు వేసి, పైన తెల్ల టైల్స్ వేద్దామని నాన్న చెప్పారు. ఇంటాయన అదోలా చూశాడు.

"థర్మోకోల్ మీద టైల్సేటి మేస్త్రీ? డబ్బులు దండగ!"

నాన్న నావైపు తిరిగి, "మీ అన్నకి ఫోన్ కలుపు" అన్నారు.