కలంకారీ అచ్చుకు కంప్యూటర్ గీత

పెడనలో కలంకారీ అచ్చులు టేకు చెక్క మీద చెక్కుతారు. ఉలి ఒకసారి దిగాక దిద్దుకోవడం కుదరదు. అందుకే సొంత డిజైనుతో చీరలు అద్దించి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునే బందరు, గుడివాడ, దివిసీమ ఇల్లాళ్లు ముందు సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చుకోవాలి.

ఫొటోషాప్, గింప్ ప్రధానంగా చుక్కల లెక్కన బొమ్మ కడతాయి. ఫొటోలు దిద్దుకోవడానికి భేషైనవే. కానీ చిన్న బొమ్మను పెద్దది చేస్తే అంచులు చెదిరి, ముగ్గు మీద వాన పడ్డట్టుంటుంది. కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ అలా కాదు. గీతను లెక్కగా గుర్తుంచుకుంటాయి. నెమలి కన్నును బెత్తెడు చేసినా గీత పదునుగానే ఉంటుంది. చెక్కేవారికి కావలసింది అదే. కోరల్‌డ్రా కొనుక్కోవాలి. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ ఉచితం. కొత్తగా నేర్చుకునేవారికి అదే మేలు.

రంగుకో అచ్చు కావాలి గనుక రంగుకో లేయర్‌లో గీయండి. నల్ల గీతకొకటి, ఎరుపుకొకటి. కుడి అంచున తెగిన తీగ ఎడమ అంచున అందుకోవాలి. నాలుగు నకళ్లు పక్కపక్కనే పేర్చి చూసుకోండి. అసలు కొలతలో ప్రింటు తీసి, స్కేలుతో కొలిచాకే చెక్కేవారికి ఇవ్వండి. మరీ సన్నని గీతలు అద్దకంలో నిలవవు. ఎంత సన్నం వరకు చెక్కగలరో ఆయన్నే ముందుగా అడిగితే డబ్బూ, చెక్కా రెండూ మిగులుతాయి.