మా సాహెబా హయాత్ బక్షీ బేగం

హైదరాబాదు నగరమునకు పడమట, అద్దాల మేడల నడుమ దుర్గం చెరువు కలదు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు స్థిరపడినది. 2020లో చెరువుపై తీగల వంతెన యొకటి ప్రారంభమైనది. కుతుబ్ షాహీల కాలమున ఈ చెరువు నీరే దక్షిణమున కొలది దూరముననున్న గోల్కొండ కోటకు త్రాగునీరయ్యెను. ఆ కోటలో నలుబది యేండ్లు రాజకార్యములను నడపిన స్త్రీ హయాత్ బక్షీ బేగం.

ఆమె హైదరాబాదు నిర్మాతయైన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక పుత్రిక. 1612లో తండ్రి మరణింపగా ఆమె భర్త సుల్తాన్ మహమ్మద్ సింహాసనమెక్కెను. 1626లో అతడును గతించెను. కుమారుడు అబ్దుల్లాకు అప్పటికి పండ్రెండేండ్లైనను నిండలేదు. బాలుని పేర తల్లియే రాజ్యభారము వహించెను. ఆమెను ‘మా సాహెబా’ యని గౌరవముతో పిలిచెడివారు.

ఈజిప్టు రాణి క్లియోపాట్రా జూలియస్ సీజరు తోడ్పాటుతో సింహాసనము నిలుపుకొని, అతని యనంతరము మార్క్ ఆంటొనీతో చేయి కలిపిన సంగతి ప్రసిద్ధము. ఈజిప్టునకు రోము ఎట్టిదో గోల్కొండకు మొగలు సామ్రాజ్యము అట్టిది. 1636లో షాజహాను ఒత్తిడికి లొంగి గోల్కొండ ఏటేట రెండు లక్షల హొన్నుల కప్పము కట్టుటకును, శుక్రవారపు ప్రార్థనలో చక్రవర్తి పేరు చదివించుటకును ఒప్పుకొనెను. అభిమానమునకు ఇది దెబ్బయే. కాని ఉత్తరపు సరిహద్దున సుమారు ఇరువదియేండ్లు పెద్ద యుద్ధము రాలేదు. ఆ కాలముననే గోల్కొండ సేనలు దక్షిణమున కర్ణాటక ప్రాంతమును జయించినవి.

ఆ జయమే కీడునకు మూలమయ్యెను. అచట అపారధనము గడించిన మంత్రి మీర్ జుమ్లా రాజుతో విరోధించి మొగలుల నాశ్రయించెను. అబ్దుల్లా అతని కుమారుని చెరబెట్టించెను. దక్కను సుబేదారైన ఔరంగజేబునకు ఈ నెపము చాలెను. 1656 జనవరిలో అతని కుమారుడు మహమ్మద్ సుల్తాన్ హైదరాబాదుపై బడెను. నగరము దోపిడి పాలయ్యెను. అబ్దుల్లా గోల్కొండలో తలదాచుకొనెను. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయముగా వచ్చి కోటను ముట్టడించెను.

అప్పుడు వృద్ధురాలైన తల్లి కోట విడిచి శత్రుశిబిరమునకు తానే పోయి సంధి కోరెను. ఔరంగజేబు కోటి రూపాయలడిగెను. అబ్దుల్లా కూతురును తన కుమారునకిచ్చి పెండ్లి చేయుమనెను. ఆమె మాటలకే సేనలు వెనుదిరిగెననుట సరికాదు. చక్రవర్తి కొలువున దారా షుకో గోల్కొండ పక్షము వహింపగా, ముట్టడి మానుమని షాజహాను ఆజ్ఞ చేసెను. అయినను సంధికి దారి చూపినది ఆమె సాహసమే. మనుమరాలి వివాహము జరిగెను. రామగిరి ప్రాంతము మొగలుల వశమయ్యెను. రాజ్యము మాత్రము నిలిచెను. ఆ అల్లుడు గోల్కొండ నేలలేదు. అన్నదమ్ముల యుద్ధమున పెదతండ్రి పక్షము చేరినందుకు ఔరంగజేబే అతనిని చెరలో నుంచెను.

1667లో ఆమె మరణించెను. ఇరువది యేండ్లకు, 1687లో, ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట గోల్కొండను పట్టుకొనెను. ఆమె సమాధి గోల్కొండ చెంత కుతుబ్ షాహీ సమాధుల నడుమ కలదు. నగరమునకు తూర్పున విజయవాడ మార్గముననున్న హయత్‌నగర్ ఆమె పేరనే వెలసినది. అచట ఆమె పేరిటి మసీదును, దాని చెంత ‘హాథీ బావ్లీ’ యను పెద్ద బావియు నేటికిని చూడవచ్చును.