లోపలినుండి త్రవ్విన సొరంగము

వెబ్‌సైటును తయారుచేయువారు దానిని మొదట తమ కంప్యూటరులోనే నడిపి చూచుకొందురు. అప్పుడు ఆ సర్వరు చిరునామా 127.0.0.1. ప్రతి కంప్యూటరును తన్ను తాను పిలుచుకొను చిరునామా ఇది. దీనికి పంపిన సమాచారము యంత్రమును దాటి పోదు. కాని సగము పూర్తియైన పనిని వేరొక ఊరిలోని వారికి చూపవలసివచ్చినచో నేమి చేయవలెను? బయటివారు నేరుగా వచ్చుటకు దారి లేదు.

కారణమేమనగా, ఇంటర్నెట్‌లో నేటికిని విరివిగా వాడుకలో నున్న చిరునామాలు 32 బిట్లవి. మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే. ఇవి చాలవని గ్రహించి 1994లో నొక ఉపాయమును ప్రకటించిరి: ఇంటిలో ఎన్ని యంత్రములున్నను బయటికి చిరునామా ఒక్కటే. వాకిట నున్న రౌటరు, లోపలినుండి ఎవరు ఎవరికి కబురంపిరో పట్టికలో వ్రాసికొని, దాని జవాబును మాత్రమే లోనికి విడుచును. పిలువని వారిని ఏ యంత్రము కడకు పంపవలెనో దానికి తెలియదు. రౌటరులో చేతితో ద్వారము తెరువవచ్చును గాని, అనేక కంపెనీలు ఒకే చిరునామాను పలు ఇండ్లకు పంచుచున్నందున అదియు తరచు నిష్ఫలమే.

సొరంగము ఈ నియమమునే తనకు అనుకూలముగా మార్చుకొనును. లోపలి యంత్రమే ముందుగా బయట నున్న వేరొక సర్వరును పిలిచి, ఆ లైనును మూయక ఉంచును. బయటి సర్వరుకు అందరికి తెలిసిన చిరునామా కలదు. అక్కడికి వచ్చిన ప్రతి కోరికయు తెరచియున్న లైనులో లోనికి చేరును. రౌటరు దృష్టిలో ఇదంతయు జవాబే! ఫిన్లండుకు చెందిన తాతు యిలోనెన్ 1995లో రచించిన ఎస్.ఎస్.హెచ్.తో ఇట్టి సొరంగము వేయవచ్చును; ఎన్‌గ్రాక్ వంటి సేవలు దీనిని ఒక్క ఆజ్ఞతో సాధించుచున్నవి.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. సొరంగపు లోపలి కొస అదే కంప్యూటరులో నుండుటచే, ఎక్కడినుండి వచ్చిన కోరికయైనను సర్వరుకు 127.0.0.1 నుండి వచ్చినట్లే కనబడును. "ఈ చిరునామా నుండి వచ్చినవాడు యజమానియే" యని నమ్మి, సంకేతపదము అడుగని పుటలు కొన్ని ఉండును. అవి యిపుడు ఎల్లరకును తెరచుకొనును. పైథాన్ భాషవారు వాడు ఫ్లాస్క్‌లో డీబగ్ పద్ధతి నడచుచున్నచో, తప్పు చూపు పుటలోనే ఆజ్ఞలు వ్రాసి ఆ కంప్యూటరుచే చేయింపవచ్చును. అడ్డుగా ఒక చిన్న పిన్ సంఖ్య ఉండును. రౌటరు దీనిని పట్టజాలదు, లైను లోపలినుండియే బయలుదేరినది కదా! చిరునామా ఎవరికి తెలియునులే యను ధైర్యము పనికిరాదు.

కావున డీబగ్ పద్ధతిని ఆపి, సంకేతపదపు కాపలాను సొరంగపు బయటి కొసననే ఉంచవలెను. పని ముగియగానే ఆ ఆజ్ఞను నిలిపివేసిన లైను తెగును. బయటి చిరునామాను తట్టినవారికి ఇక లోపలి సర్వరు పలుకదు.