స్కైలాబ్ భయం: నింగిలోని పోటీ, నేలమీది దిగులు

1979 జూలైలో తెలుగు పల్లెల్లో ఎక్కడ నలుగురు కూడినా ఒకటే మాట: ‘స్కైలాబ్ పడుతుందట!’ ఎలాగూ చావు తప్పదని కోళ్ళను, మేకలను కోసుకు తిన్నవారు, దాచుకున్న సొమ్మంతా ఖర్చు చేసినవారు ఉన్నారని పెద్దలు నేటికీ నవ్వుతూ చెబుతుంటారు. అయితే ఆ భయాన్ని పల్లెవారి అమాయకత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదని మేము భావిస్తున్నాము.

సుమారు 77 టన్నుల బరువున్న ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం భూమధ్యరేఖకు ఇరువైపులా 50 డిగ్రీల అక్షాంశాల వరకు తిరిగేది. చోడవరం ప్రాంతంలోని రోలుగుంట సుమారు 18 డిగ్రీల చెంత ఉన్నది. అంటే ఆ పరిధిలోనిదే. భూమిమీద ఎవరో ఒకరికి శకలం తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసాయే లెక్కకట్టింది. ఇక రోలుగుంట రైతు దిగులుగా తలెత్తి చూశాడంటే తప్పేముంది?

పోటీలో మరుగునపడిన ప్రశ్న

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించడంతో రెండు అగ్రరాజ్యాల మధ్య పరుగు మొదలైంది. 1969లో అమెరికా చంద్రునిపై మనుషులను దింపింది. 1971లో సోవియట్లు తొలి అంతరిక్ష కేంద్రం సల్యూట్‌ను నిలిపితే, 1973 మే 14న అమెరికా స్కైలాబ్‌ను పంపింది. కాని పని ముగిశాక దానిని అదుపులో ఉంచి కిందికి దింపే ఏర్పాటు చేయలేదు. స్పేస్ షటిల్ వచ్చి పైకి నెడుతుందని ఆశపడ్డారు. ఈలోగా సూర్యుని చురుకుదనం పెరిగి, పై వాతావరణం వేడెక్కి వ్యాకోచించింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ అనుకున్నదానికంటే ముందే దిగజారింది. షటిల్ తొలిసారి ఎగిరింది 1981లో!

1979 జూలై 11న శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి. దైవానుగ్రహం వల్ల ఎవరికీ హాని కలగలేదు. అంతకుముందు 1978 జనవరిలో అణు రియాక్టరు ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలింది. నష్టానికి ప్రయోగించిన దేశమే బాధ్యురాలన్న 1972 నాటి ఒప్పందాన్ని చూపి కెనడా పరిహారం కోరింది. చివరకు 30 లక్షల కెనడా డాలర్లు పొందింది.

మన తీరాన

స్కైలాబ్ పడిన నెల రోజులకే, 1979 ఆగస్టు 10న, శ్రీహరికోట నుండి మన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ ఎగిరి బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు సారథి ఎ.పి.జె. అబ్దుల్ కలాం. సంస్థ అధినేత సతీశ్ ధవన్ పత్రికల వారి ముందుకు స్వయంగా వచ్చి వైఫల్యపు బాధ్యతను తనమీద వేసుకున్నారని, 1980 జూలై 18న విజయం లభించినప్పుడు మాత్రం మాట్లాడే అవకాశం తమకిచ్చారని కలాం పలుమార్లు గుర్తుచేసుకున్నారు. నింగికి పంపే దేశానికి ఉండవలసిన గుణం ఇదే: జరిగింది దాచకపోవడం, బాధ్యత వహించడం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినప్పుడు మనమంతా సంతోషించాము. ఆ సంతోషం సముచితమే. అయితే శక్తి చాటుకోవడానికి 2007లో చైనా, 2019 మార్చి 27న మన దేశం తమ తమ ఉపగ్రహాలను క్షిపణులతో పేల్చిన సంగతి కూడా మరువరాదు. మన ప్రయోగం తక్కువ ఎత్తులో జరిగినందున శకలాలు త్వరగా రాలిపోతాయని అధికారులు చెప్పారు. అటువంటి వివరణ కోరడం దేశద్రోహం కాదు, పౌరధర్మం.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోగా, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణాలు పట్టవని ఆయన స్పష్టం చేశారు. తన దుఃఖంలోనూ వదంతిని నిలువనీయలేదు. వార్తను విచారించి తెలుసుకోమని ఖుర్‌ఆన్ మనకు బోధించింది.

ఆకాశం గురించి భయపెట్టే సందేశం ఫోనులో వచ్చినప్పుడు, దానిని పదిమందికి పంపే ముందు ఇంట్లో కూర్చుని విచారిద్దాం. మన పిల్లలలో రేపటి శాస్త్రవేత్తలు ఉండవచ్చు. ఎంత ఎత్తుకు పంపామన్నది మాత్రమే కాక, అది ఎవరి నెత్తిన పడుతుందో ఆలోచించడం కూడా విజ్ఞానమేనని వారికి నేర్పుదాం. భూమ్యాకాశాలు మన చేతికి అందిన అమానత్. ఆ లెక్క ఏ ఒక్క దేశానిదో కాదు, మనందరిదీ.