కొత్త కారును కిందికి వంగి చూసే మేస్త్రి

పెనుకొండ: ఈ ప్రాంతంలో కారు కొనదలచినవారు షోరూముకు వెళ్ళేముందు జాతీయ రహదారి పక్కనున్న ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగి వెళుతుంటారు. షెడ్డు మేస్త్రి పదో తరగతి దాటలేదు. అంబాసిడర్ ఇంజను విప్పి పని నేర్చినవారు. కార్ల లోకంలో ఏ కబురు వచ్చినా సాయంత్రానికల్లా దానిపై ఆయన అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. కొత్త మోడలు ఎదురుగా వచ్చి ఆగితే రంగూ రూపూ చూడరు. కిందికి వంగి చూస్తారు.

ఎర్రమంచి వద్ద కియా ఫ్యాక్టరీ వచ్చాక ఇక్కడ కార్ల ముచ్చట్లు ఎక్కువయ్యాయి. 2019లో సెల్టోస్‌తో మొదలై సోనెట్, కారెన్స్, సైరోస్ దాకా అన్నీ ఇక్కడి నుంచే లారీలెక్కి పోతున్నాయి. మన పక్క ఊళ్ళో తయారైన బండి గదా అని, శెనక్కాయలు అమ్మిన డబ్బుకు బ్యాంకు అప్పు కలిపి కొనబోయే రైతులున్నారు. మేస్త్రి వారిని ముందుగా అడిగేది ధర కాదు. "దినానికి ఎంత దూరం తిరుగుతావప్పా?" అని.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధన అమలులోకి వచ్చింది. డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది. పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంలో నడవాలి. ఊరి నుంచి మండలాఫీసుకు, అక్కడి నుంచి మళ్ళీ ఊరికి తిరిగే బండిలో అది కాలదు. ఫిల్టరు పూడుకుపోతుంది. మార్చవలసి వస్తే ఒక పంట డబ్బు అక్కడే అయిపోతుందంటారు మేస్త్రి. డీజిలైతే చవక అనే పాత లెక్క రోజూ దూరం తిరిగే వారికే చెల్లుతుందని ఆయన వాదం. మారుతి కంపెనీ ఆ నిబంధన వచ్చినప్పుడే డీజిల్ కార్లు మానేయడం తెలివైన పని అని ఆయన మెచ్చుకుంటారు.

పన్నుల సంగతి ఎత్తితే మాత్రం మేస్త్రికి కోపం వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పైన వేసే సెస్సు కూడా పోయింది. అయితే పొడవు 4 మీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీ, డీజిలుదైతే 1500 సీసీ దాటకూడదు. దాటితే 40 శాతం. అందుచేత ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన సోనెట్‌కు 18, సెల్టోస్‌కు 40. పెద్ద కార్లకు కూడా సెస్సుతో కలిపి అంతకుముందున్న దానికంటే ఇది తక్కువే. అయినా టేపు పట్టి పన్ను వేయడం ఏమి న్యాయమని ఆయన అడుగుతారు. ఈ 4 మీటర్ల లెక్క 2006 బడ్జెట్‌తో మొదలైంది. దానికి సరిపోవాలనే 2012లో డిజైర్ కారు వెనుక భాగాన్ని కురచ చేశారు. పెండ్లి సామాను పట్టే డిక్కీ మూటల డిక్కీ అయిందని మేస్త్రి ఎగతాళి.

ఇంకొకటి స్టెప్నీ. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే యంత్రం, పంక్చరు సామగ్రి ఉంటే అదనపు చక్రం అక్కరలేదని 2020లో నిబంధన సడలించారు. తుమ్మముల్లు గుచ్చుకుంటే ఆ జిగురుమందు పనిచేస్తుంది, సరే. గుంతలో పడి టైరు పక్కభాగం చీలితే రాత్రిపూట ఏం చేయాలి? అందుకే వంగి చూసినప్పుడు ఆయన కళ్ళు మొదట వెతికేది స్టెప్నీనే.

అన్నీ తిట్టడమే కాదు. 2025లో ఆల్టో కె10లో సైతం ఆరు ఎయిర్‌బ్యాగులు పెట్టారన్న వార్తకు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆయనే. రహదారి మీద నుజ్జయిన బండ్లను లాక్కొచ్చేది ఆ షెడ్డుకే గదా. సీటు బెల్టు పెట్టుకోకపోతే ఆ సంచులను నమ్ముకోవద్దని కూడా హెచ్చరిస్తారు.

ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి అడిగేవారూ ఎక్కువే. 2025 నాటికి నూటికి 20 పాళ్ళ ఇథనాల్ వచ్చేసింది. 2023 ఏప్రిల్ తర్వాతి కార్లను దానికి తట్టుకునేలా చేశారు. పాతవాటిలో మైలేజీ కొంత తగ్గుతుందని ప్రభుత్వమే చెప్పింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక పాత బండిని నెలల తరబడి ట్యాంకులో పెట్రోలుతో కదలకుండా ఉంచవద్దనీ, రబ్బరు గొట్టాలను ఏటా చూపించుకోమనీ ఆయన సలహా.

ఇక కరెంటు కార్లు. 2025 జూలైలో కారెన్స్ క్లావిస్ ఈవీ విడుదలైంది. అదీ ఎర్రమంచిదే. వీటికి పన్ను 5 శాతమే. ఇంటివద్ద నమ్మకమైన కరెంటు ఉండి, రోజూ ఒకే దారిలో తిరిగేవారికి మంచివేనని మేస్త్రి దాచకుండా చెబుతారు. తన పనికి మాత్రం అది దెబ్బే. ఇంజనాయిలు లేదు, క్లచ్చు లేదు, సైలెన్సరు లేదు. నారింజ రంగు తీగల్లో వందల వోల్టులు పారుతుంటాయి. శిక్షణ లేనివాడు చేయి పెడితే ప్రాణానికే ముప్పు. ఇప్పటికే స్కానరు కొనక తప్పలేదు. షెడ్డులో స్పానర్లు పట్టే కుర్రాళ్ళు ఇద్దరున్నారు. అందులో ఒకడిని ఐటీఐలో కరెంటు బండ్ల పని నేర్పుతారేమో అడిగి రమ్మని మొన్న హిందూపురం పంపారు.